మహాకవి వీపు

మార్చి 3, సోమవారం

మహాకవి ఇవాళ నా బల్ల మీదికి వచ్చాడు. బోర్లా పడుకోబెట్టి వీపు చూశాను. బాగా దెబ్బతిని ఉంది.

డైరెక్టర్ గారే స్వయంగా మోసుకుని లైబ్రరీ బేస్‌మెంట్‌కి దిగొచ్చారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో డైరెక్టర్ కుర్చీలోని మనిషి మెట్లు దిగడం చూడటం ఇది మూడోసారి. మహాకవి పుట్టి రెండొందల ఏళ్ళయిందట. ఇరవై తొమ్మిదిన పెద్ద హాల్లో ఎగ్జిబిషన్. ఆయన పుస్తకం మొదట అచ్చయిన కాపీల్లో ఇదొక్కటే మిగిలింది. కొత్త తోలు వేసి, బంగారు అక్షరాలు అద్ది, కొత్త పెళ్ళికొడుకులా తయారుచేయాలి, మీవల్ల అవుతుందా అని అడిగారు. ఒకప్పుడు పదకొండుమంది ఉన్న బైండింగ్ సెక్షన్‌లో మిగిలింది నేనొక్కదాన్నే, నావల్ల కాకపోతే ఇంకెవరివల్ల అవుతుంది అని నోటిదాకా వచ్చింది. సరేనండి అన్నాను.

ఆయన ఇందులో రాసిన ఊరి పాట రానివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. బళ్ళో రోజూ పాడించేవారు. పన్నెండో చరణం వచ్చేసరికి క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి నన్ను చూసేది.

మసిమనుషుల చేతికి పుస్తకమిచ్చిన
మసియె మిగులును, మాట మిగలదు.
మోయనిండు వారిని, చదువనీయకుడు.
వీపు గలదు వారికి, వాక్కు లేదు.

మసిమనుషులంటే మేమే. ఐదారు తరాల కిందట మా వాళ్ళని ఓడల్లో ఇక్కడికి పనికి తెచ్చారు. నలుపు రంగు, రింగుల జుట్టు. ఇప్పుడు ఆ మాట ఎవరూ మొహాన అనరు. ఇప్పుడు ఐడీ కార్డు అడుగుతారు. పొద్దున కూడా సెక్యూరిటీ నన్ను ఆపి అడిగాడు. నా వెనకాలే వచ్చినామెని అడగలేదు. ఆమె ఈ బిల్డింగుకి రావడం అదే మొదటిసారట.

మార్చి 4, మంగళవారం

బ్రోషర్ కోసం ఫోటోగ్రాఫర్ వచ్చాడు. నేను పనిచేస్తుంటే చేతులు తీశాడు. మొహం ఎత్తబోతే, వద్దండి చేతులు చాలు అన్నాడు.

మార్చి 6, గురువారం, సాయంత్రం

నా చేతులు విరిగిపోను.

ఇవాళ వీపు విప్పడం మొదలుపెట్టాను. పాత తోలు పొట్టు పొట్టుగా వచ్చేసింది. కింద ఫారాలన్నిటినీ, అంటే మడిచి కుట్టిన పేజీల కట్టలన్నిటినీ, కలిపి పట్టుకున్న తాళ్ళు నాలుగు, వాటికి పైనా కిందా మధ్యలోనూ కలిపి ఐదు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో కాగితం పట్టీ. మామూలే. వీపు గట్టిపడటానికి ఏదో చిత్తుకాగితం అంటిస్తారు. అది తీయాలంటే పైన తడి పిండిజిగురు దట్టంగా పూసి, కిందున్న పాత జిగురు నానేదాకా ఆగి, ఎముక పలకతో గీకేయాలి. ఎంతసేపు ఆగాలంటే దానికి మా వాళ్ళకి ఒక పాట ఉంది. నానడానికైనా ఆరడానికైనా పదహారుసార్లు పాడాలి. నాకు పదేళ్ళప్పుడు మామయ్య నేర్పాడు. మా ఇళ్ళల్లో దీంతో పిల్లల్ని కూడా పడుకోబెడతారు.

ఆరేదాక ఆగు జిగురా, అంటినాక అడుగు,
ఎవరు లేక ఎవరు విడిపోతారో చూడు.

నేను పాడుకుంటుంటే ఎగ్జిబిషన్ చూసుకునే మేడమ్ దిగొచ్చింది. పెద్ద పెద్ద కళ్ళద్దాలు, నోట్లో నువ్వుగింజ నానదు. మంచిదే పాపం. అదేం పాట, అర్థమేమిటి అని అడిగింది. అర్థమేముంది, జిగురు పాట అన్నాను. ఆమె ఇంకేదో అడుగుతోంది, నేనేదో చెబుతున్నాను, చెయ్యి దాని పాటికది గీకుతోంది. సగం పట్టీ గుజ్జు గుజ్జుగా ఊడి నీళ్ళ తొట్టిలో పడ్డాక చూశాను. కాగితం లోపలివైపు, ఫారాలకి ఆనుకుని ఉన్న వైపు, చేతిరాత ఉంది. పైకి కనపడకుండా బోర్లించి అంటించారు.

తొట్టిలో చెయ్యి పెట్టి దేవాను. గుజ్జు. ఇంకు నీళ్ళల్లో కరిగిపోయింది. పై సగం మాత్రం దక్కింది. రెండు లైన్లు.

అయ్యా, నీ పాటను కుట్టిందీ నల్లచెయ్యే,
ఆకాకు కలిపి నీ నడుం నిలిపిందీ నల్లచెయ్యే.

ఆ కాగితం, ఆ ఇంకు చూస్తే పుస్తకం మొదటిసారి కట్టినప్పటివి. నూట అరవై ఏళ్ళు. ఎవరో మా మనిషి ఇదే బల్ల మీద మహాకవికి జవాబు రాసి, ఆయన వీపులోనే అంటించి, పైన తోలు కప్పేశాడు. ఆ జవాబులో సగాన్ని నేను ఇవాళ నీళ్ళపాలు చేశాను. కబుర్లు చెబుతూ.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి ఏమైంది అని అడిగింది. తలనొప్పి అని చెప్పి పంపేశాను.

మార్చి 7, శుక్రవారం

రెండో గడి. ఈసారి తడి తగలనివ్వలేదు. సన్నటి కత్తితో, ఊపిరి బిగబట్టి, నాలుగు గంటలు. కాగితం చెక్కుచెదరకుండా వచ్చింది.

అది ఒక సబ్బు పొట్లం కాగితం. పైన తెల్లటి ఆడమనిషి బొమ్మ, వారంలో మేనిఛాయ అని రాసి ఉంది. ఎనభై ఏళ్ళ కిందటిదై ఉండాలి. వెనకవైపు పెన్సిల్‌తో:

సబ్బు కొన్నా కవిగారూ, మీ మాట విని.
రుద్దగా రుద్దగా అరిగిపోయింది,
నలుపు కాదండీ, సబ్బు.
మిగిలిన ముక్క పంపనా, మీ పద్యం కడుక్కుంటారా?

బేస్‌మెంట్‌లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. లిఫ్ట్ రిపేరు చేసేవాడు తొంగి చూసి వెళ్ళాడు.

మార్చి 10, సోమవారం

మూడో గడి. నల్లటి బాల్‌పెన్ను.

నాకు వాక్కు లేదన్నావు.
నీ వీపు విప్పి నిలబడ్డాను.
కత్తి నా చేతిలో ఉంది.
కొయ్యలేదు.
గుర్తుపెట్టుకో, కొయ్యలేదు.

మళ్ళీ చదివాను. ఆ రాత నాకు తెలుసు. 'ల'కి కింద తోక పెట్టే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఇంట్లో ఉన్నాడు.

మా అమ్మకి తమ్ముడు, నన్ను పెంచినవాడు, ఈ పని నేర్పినవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. నాకు ముందు ఈ బల్ల ఆయనదే. నలభై ఏళ్ళ కిందట ఈ పుస్తకాన్ని బాగుచేసింది ఆయనే అని ఫైల్లో ఉంది కూడా. ఇంటికెళ్ళేసరికి రేడియో విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. మహాకవి వీపు నా చేతికొచ్చింది మామయ్యా అన్నాను. అయితే ఏంటన్నాడు. మూడో గడి కూడా విప్పానన్నాను. స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత, అది కవిత్వం కాదే, కోపం అన్నాడు.

రెండోది ఎవరిదో తెలుసా అని అడిగాను. మా అమ్మది అన్నాడు.

అమ్మమ్మది. నేను నమ్మలేదు. అమ్మమ్మకి అక్షరం ముక్క రాదని ఇంటిల్లిపాదీ అనేవాళ్ళు. రిజిస్టర్లో జీవితమంతా వేలిముద్రే వేసింది. మామయ్య నిదానంగా చెప్పాడు. అప్పట్లో బైండింగ్‌లోకి చదువు రానివాళ్ళనే తీసుకునేవారు. చదువొస్తే పని మానేసి పుస్తకాలు చదువుతూ కూర్చుంటారని వాళ్ళ భయం. పరీక్ష కూడా పెట్టేవారు. కాగితం తలకిందులుగా ఇచ్చి మొహం చూసేవారు. తిప్పి పట్టుకుంటే ఉద్యోగం లేదు. అమ్మమ్మ తిప్పలేదు. తలకిందులుగానే గబగబా చదివేసి, బొమ్మలేవండీ అని అడిగిందట. ముప్పై ఒక్క ఏళ్ళు వేలిముద్ర వేసింది. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. ఆమె చనిపోయిన ఏడాది ఈయన ఆ వీపు విప్పితే రెండో గడిలో సబ్బు కాగితం కనపడింది. ఇంట్లో ఆ సబ్బు కొన్నది ఆమె ఒక్కతే, పొట్లం వాసన కూడా ఇంకా ఉందన్నాడు.

మొదటిదో, అని అడిగాడు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. సగం పాడుచేశానని.

మామయ్య లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మార్చి 11, మంగళవారం

మాట్లాడటం లేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనలేదు.

మార్చి 12, బుధవారం

ఇవాళా లేదు.

మార్చి 13, గురువారం

మామయ్య లైబ్రరీకి వచ్చాడు. రిటైరయ్యాక ఇదే రావడం. పక్క సందులోంచి, సామాన్లు దించే తలుపు గుండా, మా వాళ్ళు ఎప్పుడూ వచ్చే దారినే వచ్చాడు. తన పాత స్టూలు వెతుక్కుని కూర్చుని, రెండు అట్టముక్కలు తీసి, వీటిని అంటించి ప్రెస్సులో పెట్టు అన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం లేదు. జిగురు పూసి, ప్రెస్సు బిగించి, అలవాటుకొద్దీ నోరు అందుకుంది. ఆరేదాక ఆగు జిగురా, అంటినాక అడుగు. ఐదోసారి పాడుతుంటే ఆగమన్నాడు. నీ దగ్గర మిగిలిన రెండు లైన్లు చదివి, ఆపకుండా ఇది పాడు అన్నాడు.

అయ్యా, నీ పాటను కుట్టిందీ నల్లచెయ్యే,
ఆకాకు కలిపి నీ నడుం నిలిపిందీ నల్లచెయ్యే.
ఆరేదాక ఆగు జిగురా, అంటినాక అడుగు,
ఎవరు లేక ఎవరు విడిపోతారో చూడు.

నీళ్ళల్లో పోయిన రెండు లైన్లు ఇవే. ముప్పై ఐదేళ్ళుగా పాడుతున్నాను. మొన్న ఆ కాగితాన్ని చేజేతులా గీకేస్తూ కూడా అదే పాడాను. అర్థమేముంది అని కూడా అన్నాను.

మామయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కాగితం పోతే పోయిందే పిచ్చిదానా, నువ్వు నీళ్ళలో పోసుకున్నది నీ నోట్లోనే ఉంది అన్నాడు. నలభై ఏళ్ళ కిందట నాలుగు లైన్లూ ఒకచోట చదివాకే తనకీ అర్థమైందట. మరి మూడు రోజులు నన్నెందుకు ఏడిపించావు అని అడిగాను. కాగితం ఏదైనా వెనక్కి తిప్పి చూడందే తీయకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కుందా అన్నాడు. కానీ ఏం చెప్పను, తిట్టు తింటూ ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి.

సాయంత్రం మూడింటినీ వరసగా పెట్టుకుని చదివాను. మొదటాయన అయ్యా అన్నాడు. చెయ్యి చాపి అడుగుతున్నట్టే ఉంటుంది గానీ చివర్లో తగిలిస్తాడు. అమ్మమ్మ కవిగారూ అంది, పక్కింటాయన్ని ఆటపట్టించినట్టు. మామయ్య నువ్వు అన్నాడు. నూట ఇరవై ఏళ్ళు పట్టింది, అయ్యా నుంచి నువ్వుకి.

మార్చి 14, శుక్రవారం

మూడు చీటీలనీ రిజిస్టర్లో ఎక్కించాను. పుస్తకంలో దొరికిన రాత ఏదైనా సరే దానికి నంబరు వేయాలి, నంబరు పడ్డాక కమిటీ సంతకం లేకుండా ఆ పుస్తకం నుంచి వేరు చేయకూడదు. ఈ రూలు డైరెక్టర్ గారు తయారుచేసిందే. నంబర్లు వేశాకే పైకి ఫోన్ చేశాను. ముందు ఫోన్ చేసి తర్వాత నంబర్లు వేసేంత అమాయకురాల్ని కాదు.

ఆయన దిగొచ్చారు. ఒకే నెలలో రెండుసార్లు. మొదటిది చదివి గొంతు సవరించుకున్నారు. మూడోది చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. మధ్యలో అమ్మమ్మది చదివినప్పుడు మాత్రం ఫక్కున నవ్వు వచ్చేసింది ఆయనకి, ఆపుకోలేకపోయారు. నవ్వాక ఎలా ఉండాలో తెలియక కాసేపు గోడ చూశారు. ఆలోచిస్తానన్నారు.

మార్చి 17, సోమవారం

ఆలోచించారు. చీటీలు కవర్లో పెట్టి స్టోర్‌లో భద్రపరచాలట. పుస్తకానికి మామూలుగా తోలు వేయాలట. కమిటీ సంతకాలు ఆయనే తెప్పిస్తారట. స్కూలు పిల్లలతో పాట పాడించేటప్పుడు పన్నెండో చరణం వదిలేస్తారట, మీ మనసు నొప్పించకూడదు కదా అన్నారు. మహాకవి మునిమనవరాలు ప్రారంభానికి వస్తోంది, ఆవిడకీ ఇబ్బందిగా ఉండకూడదు కదా అన్నారు.

తిట్టునీ దాచేస్తారు, జవాబునీ దాచేస్తారు. ఇక జరిగిందేముంది, ఏమీ లేదు. అందరం బాగున్నాం.

పుస్తకం ఇక్కడే ఉంది, తోలు ఇక్కడే ఉంది, సూదీ దారం కూడా ఇక్కడే ఉన్నాయి సార్, నేను మాత్రం కుట్టను అన్నాను. సూది డబ్బాకి మూత పెట్టేశాను.

మార్చి 18, మంగళవారం

కుట్టలేదు.

మార్చి 19, బుధవారం

ఇవాళా కుట్టలేదు. బయట బైండర్ల కోసం వెతుకుతున్నారని మేడమ్ వచ్చి గుసగుసగా చెప్పింది. ఇలాంటి వీపు కట్టడం వచ్చినాయన ఒకాయన దొరికాడట. ఫోన్ చేసి అడిగితే నాకు చూపు ఆనదు, మా గురువు గారి మేనకోడలు మీ దగ్గరే ఉంది కదా అన్నాడట.

మేడమ్ వెళ్ళేముందు, మునిమనవరాలి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది, ఏం చేయమంటారు అని అడిగింది. నేనేం చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

మార్చి 20, గురువారం

మునిమనవరాలు వచ్చింది. ఎనభై ఏళ్ళావిడ. చేతికర్ర పట్టుకుని మెట్లన్నీ దిగింది. వెనకాల డైరెక్టర్ గారు, లిఫ్ట్ ఉందండీ, లిఫ్ట్ ఉందండీ అంటూ.

స్టూలు మీద కూర్చుని మూడూ చదివింది. నవ్వలేదు, ఏడవలేదు. అమ్మమ్మ అన్నేళ్ళు చదువు ఎలా దాచిందని అడిగింది. తలకిందుల కాగితం సంగతి చెప్పాను. తర్వాత తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ళింట్లో ఉన్న పుస్తకంలో ఆ పన్నెండో చరణం కనపడకుండా వాళ్ళ నాన్న ఆ రెండు పేజీలకీ జిగురు రాసి అంటించేశాడట. ఈవిడ పదేళ్ళప్పుడు వేడినీళ్ళ ఆవిరి పట్టి విప్పి చదివిందట. చదివాక మళ్ళీ అంటించేసిందట. అది నేను చేసిన తప్పు అంది.

జిగురుని ఆవిరి పట్టి విప్పడం పదేళ్ళకే తెలిసిన మనిషి మీద నాకు గౌరవం పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

డైరెక్టర్ వైపు తిరిగి, ఆ చరణం పిల్లల చేత పాడించొద్దు, నేనే చదువుతాను అంది. ప్రశ్న వినపడకుండా జవాబు ఎలా వినిపిస్తారు అంది. వీపు ఇలాగే ఉంచండి, తోలూ వద్దు బంగారమూ వద్దు అంది. డైరెక్టర్ గారు అలాగేనండి, అలాగేనండి అన్నారు.

నేను చెబితే నస, ఆవిడ చెబితే వేదవాక్కు. అది నాకు మింగుడు పడలేదు. కానీ నేను మూడు రోజులు సూది ముట్టకపోతే ఆవిడ ఈ మెట్లు దిగేదే కాదు. ఆ మాట ఎవరూ అనకపోయినా నాకు తెలుసు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

మార్చి 24, సోమవారం

పుస్తకం నిలబడటానికి మెత్తటి దిమ్మ చేశాను. వెనక అద్దం. ముందు నుంచి చూస్తే మహాకవి, అద్దంలో చూస్తే మేము. చీటీలు ఎవరి గడిలో వాళ్ళవి, ఈసారి రాత పైకి ఉండేలా అంటించాను. మొదటిదాని కింద సగం ఖాళీగానే వదిలాను. ఆ రెండు లైన్లు లేబుల్‌లో వస్తాయి, నోటి నుంచి నోటికి దక్కినవి అని.

నాలుగో గడీ ఐదో గడీ ఖాళీ, వాటిలో ఉన్నవి ఏ రాతా లేని చిత్తుకాగితాలే. మేడమ్ నాలుగోది చూపించి, మీ వంతు ఎప్పుడు అని అడిగింది. మీరైతే దుమ్ము దులిపేస్తారు అంది. రాస్తాలెండి అన్నాను.

మార్చి 25, మంగళవారం

రాశాను. చింపేశాను. మామయ్య రాసిందే మళ్ళీ రాసినట్టుంది.

మార్చి 27, గురువారం

పాత బైండర్ల ఇళ్ళన్నీ తిరిగి ఆహ్వానాలు పంచాను. అందరూ తీసుకున్నారు, వస్తామని ఒక్కరూ అనలేదు. ఆ హాల్లోకి మేమెందుకే అన్నారు.

మామయ్య వస్తాడట, కానీ సామాన్ల తలుపు గుండానే వస్తాడట. ముందు తలుపు నుంచి రా మామయ్యా అంటే, యాభై ఏళ్ళు అలవాటైన కాళ్ళు, వేరే దారి ఎక్కడం రాదు అన్నాడు. పోట్లాడాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నాను. నా వయసుకి నేను మానునే, వంగను అన్నాడు. పంతం మా ఇంటి జబ్బు.

మార్చి 29, శనివారం

చెయ్యి ఆగడం లేదు, వరసగా రాస్తాను.

పొద్దున మామయ్య కోటు వేసుకున్నాడు. గేటు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. సందు మలుపు దగ్గర నేను ఆగాను. ఆయనా ఆగాడు. సందులోకి చూశాడు, నా వైపు చూశాడు. అమ్మ చీటీ ఏ తలుపు నుంచి వెళ్ళింది అని అడిగాడు. నిన్న సాయంత్రం పుస్తకంతో పాటు పెద్ద మెట్ల మీంచి, ముందు తలుపు గుండా వెళ్ళిందని చెప్పాను. అయితే పద అన్నాడు.

తలుపు దగ్గర సెక్యూరిటీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరు కావాలండీ అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మామయ్య, నేను పుస్తకంలో ఉన్నవాణ్ణి అన్నాడు. సెక్యూరిటీ కాగితం చూశాడు. కార్యక్రమంలో మూడో పేరు. మూడుసార్లు చదివి తలుపు తీశాడు. రెండు తలుపులూ తీశాడు, ఒకటి చాలేది.

హాలు నిండిపోయింది. చివరి వరసలో చూస్తే మా వాళ్ళు. మేమెందుకే అన్నవాళ్ళందరూ వచ్చారు, పిల్లాపాపలతో సహా. ముప్పై నలభైమంది ఉంటారు, కుర్చీ అంచున కూర్చుని.

పిల్లలు పాట పాడారు. పదకొండో చరణం దగ్గర ఆపారు. మునిమనవరాలు కర్ర పక్కన పెట్టి లేచింది. పన్నెండో చరణం చదివింది. మెల్లగా, ఒక్క అక్షరం మింగకుండా. వీపు గలదు వారికి, వాక్కు లేదు. నా చెవులు కాలిపోయాయి, బళ్ళో లాగే. ఇది మా ముత్తాత మాట, దీనికి జవాబు ఆయన వీపులోనే ఇన్నాళ్ళూ ఉంది అని చెప్పి కూర్చుంది.

మామయ్య మైకు ముందుకి వెళ్ళాడు. మైకు నచ్చలేదు, పక్కకి జరిపేశాడు. అయ్యా, నీ పాటను కుట్టిందీ నల్లచెయ్యే అన్నాడు. ఆకాకు కలిపి అన్నాడు. ఊపిరి తీసుకుని, ఆరేదాక ఆగు జిగురా అని పాట ఎత్తుకున్నాడు.

చివరి వరసలో ఎవరిదో గొంతు కలిసింది. ఒక ముసలామె. ఆమెకి తెలియకుండానే కలిసిపోయింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పక్కన ఇంకొకరు. తర్వాత అందరూ. వాళ్ళు పుట్టినప్పటి నుంచి ఎరిగిన పాట, నిద్రపుచ్చే పాట, దాని ముందు రెండు లైన్లు ఉన్నాయని ఇప్పుడే విన్నారు. ఆ అర్థం ఒక్కొక్కరి మొహంలోకి రావడం నేను చూశాను. ఎవరు లేక ఎవరు విడిపోతారో చూడు. రెండోసారి పాడేటప్పటికి లేచి నిలబడ్డారు. మూడోసారికి స్కూలు పిల్లలు కూడా అందుకున్నారు. పదహారుసార్లు పాడేవాళ్ళేమో, మామయ్య చెయ్యెత్తి ఆపాడు, ఇంకా రెండున్నాయి కూర్చోండి అన్నాడు.

అమ్మమ్మది చదివాడు. సబ్బు అనగానే హాలు ఘొల్లుమంది. డైరెక్టర్ గారు ఈసారి ధైర్యంగా నవ్వారు. మునిమనవరాలు కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

తనది చూడకుండా చెప్పాడు. కొయ్యలేదు అని ఆగాడు. గుర్తుపెట్టుకో, కొయ్యలేదు. గొంతు పెంచలేదు. ఆ తర్వాత చప్పట్లు. మామయ్య తన వెనకాల ఎవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాడు.

నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చాను. గెలిస్తే ఇలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మార్చి 30, ఆదివారం

పేపర్లో ఫోటో వేశారు. మామయ్య, నేను. మొహాలు.

పక్కనే లేబుల్ ఫోటో కూడా వేశారు, దాని మీద అమ్మమ్మ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉంది, కింద కవయిత్రి అని ఉంది. మామయ్య ఆ ముక్క కత్తిరించి, ఎక్కడ అంటించాలా అని ఇల్లంతా తిరుగుతున్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

సెక్యూరిటీ ఇవాళ కార్డు అడగలేదు. మర్చిపోయాడేమో అని నేనే తీసి చూపించబోయాను. వద్దండీ అని, ఆ సబ్బు పద్యం రాసిస్తారా, మా ఆవిడకి వినిపించాలి అన్నాడు. నేను అడగాల్సిన సంగతి ఇంకోటి ఉంది, నా వెనకాల వచ్చే మా రంగు మనిషిని రేపు కార్డు అడుగుతావా లేదా అని. అడిగాను. తల వంచుకుని, అందరినీ అడుగుతానండి, లేకపోతే ఎవరినీ అడగను అన్నాడు. చూస్తాను.

ఏప్రిల్ 5, శనివారం

నాలుగో గడి కోసం ఇంకో మూడు రాశాను. ఒకటి సెటైరు, ఒకటి తిట్టు, ఒకటి క్షమాపణ అడగమని. మామయ్యకి చదివి వినిపించాను. బాగున్నాయి, ముగ్గురం చెప్పేశాం కదే, ఇంకా ఆయనతో నీకేం పని అన్నాడు.

ఏప్రిల్ 9, బుధవారం

నాలుగో చీటీ ఇవాళ అంటించాను. నాలుగే లైన్లు. పొద్దున బేస్‌మెంట్ కిటికీలోంచి వాన కనపడింది, దాని గురించి రాశాను. అందులో మా రంగు లేదు. నేను ఆయన్ని అయ్యా అనలేదు, గారూ అనలేదు, నువ్వు అనలేదు. అసలు పిలవలేదు.

పదహారుసార్లు పాడాను. ఆరింది.